అతిథి బస్సెక్కిన తర్వాత

నంద్యాలలో గానీ ఆళ్లగడ్డలో గానీ డిగ్రీ చేతికొచ్చిన పిల్లల్ని "తర్వాత ఏం చేస్తావప్పా?" అని అడిగితే చాలామంది నోట వచ్చే మాట ఒకటే: "అమీర్‌పేట పోయి ఏదన్నా కోర్సు చేయాల." ఇంట్లోవాళ్లు అప్పోసప్పో చేసి హాస్టల్‌కీ ఫీజుకీ డబ్బు సర్దుతారు. పోవడంలో తప్పు లేదు. కానీ చదువు ఊరు దాటితేనే మొదలవుతుందనే నమ్మకం ఉందే, అది మనిషిని ఉన్నచోటే కూర్చోబెడుతుంది. డబ్బు సర్దుబాటయ్యే దాకా ఏమీ నేర్చుకోకుండా ఏళ్లు గడిచిపోతాయి. ఇంట్లో అన్నయ్య వాడి వదిలేసిన కంప్యూటర్ ఉంటుంది. పక్క వీధిలో ఆ పని తెలిసిన మనిషి ఉంటాడు. నేర్చుకోవాలన్న కోరిక మీలో ఉంటుంది. ఈ మూడింటినీ ఒక గదిలోకి తెచ్చే ఏర్పాటు మాత్రం ఉండదు.

ఆ ఏర్పాటే కంప్యూటర్ క్లబ్బు. నెలకోసారి పదిమంది కలవడం, ఒక అతిథి మాట వినడం, విన్నదాన్ని చేత్తో చేసి చూడటం, ఇంతే దాని పని. చాలా క్లబ్బులు మొదటి రెండు మెట్ల దగ్గరే ఆగిపోతాయి. వక్త వస్తాడు, చప్పట్లు మోగుతాయి, ఫొటో దిగుతారు, టీ తాగి ఇళ్లకు పోతారు. మరుసటి నెలకు ఎవరికీ ఏదీ గుర్తుండదు. అందుకే ఈ అధ్యాయంలో ఒక్క మాటే గట్టిగా చెప్పదలుచుకున్నాను. క్లబ్బు విలువ అతిథి ఎంత గొప్పవాడన్నదాన్ని బట్టి తేలదు. ఆయన తిరిగి బస్సెక్కిన తర్వాత సభ్యులు ఏం చేశారన్నదాన్ని బట్టే తేలుతుంది.

కారు షెడ్డులో మొదలైన పద్ధతి

1975 మార్చి 5న కాలిఫోర్నియాలోని మెన్లో పార్క్‌లో గోర్డన్ ఫ్రెంచ్ అనే ఇంజినీరు ఇంటి కారు షెడ్డులో ముప్పై మంది దాకా కూడారు. పిలిచింది ఆయనా, ఫ్రెడ్ మూర్ అనే ఉద్యమకారుడూ. వచ్చినవాళ్ల ఆసక్తంతా ఆల్టెయిర్ 8800 అనే కొత్త యంత్రం మీద. దానికి కీబోర్డు లేదు, తెర లేదు. ముందు పలక మీద వరసగా స్విచ్చులూ, మినుకుమినుకుమనే చిన్న దీపాలూ ఉంటాయి. ఇది దేనికి పనికొస్తుందని అందరూ తల గోక్కుంటున్న రోజుల్లో స్టీవ్ డాంపియర్ అనే సభ్యుడు దాని పక్కన మామూలు రేడియో ఒకటి పెట్టాడు. కంప్యూటర్ లెక్కలు చేస్తుంటే రేడియోలో గరగర పుడుతుంది. ఆ గరగరనే స్వరాలుగా కూర్చి పాట వినిపించాడు. చూసినవాళ్లు ఊరుకోలేకపోయారు, ఇంటికి పోయి తామూ ప్రయత్నించారు.

అదే హోంబ్రూ కంప్యూటర్ క్లబ్. సభ్యులు పెరిగాక సభలు స్టాన్‌ఫర్డ్ వారి పరిశోధన కేంద్రం ఆడిటోరియానికి మారాయి. లీ ఫెల్సెన్‌స్టీన్ అనే సభ్యుడు వాటిని రెండు భాగాలుగా నడిపేవాడు. మొదటి భాగంలో ఒక్కొక్కరే లేచి తన దగ్గర ఏముందో, తనకేం కావాలో, కొత్తగా ఏం తెలిసిందో చెప్పాలి. రెండో భాగంలో అందరూ కుర్చీలు వదిలి, తమకు కావలసిన మనిషి ఎవరో వాళ్ల దగ్గరికి పోయి మాట్లాడుకోవాలి. స్టీవ్ వోజ్నియాక్ ఆ సభలకు వచ్చేవాడు. తను రూపొందిస్తున్న కంప్యూటర్ సర్క్యూట్ పటాలకు నకళ్లు తీసి అక్కడివాళ్లకు ఉచితంగా పంచేవాడు. 1976లో అదే ఆపిల్-1గా బయటికొచ్చింది.

"వాళ్లంతా ఇంజినీర్లు, మనమెక్కడ?" అంటారేమో. అయితే 1977లో మొదలైన బోస్టన్ కంప్యూటర్ సొసైటీని చూడండి. దాన్ని స్థాపించినవారిలో ఒకడైన జోనథన్ రోటెన్‌బర్గ్‌కి అప్పటికి పదమూడేళ్లు. ఆ సంఘం పెరిగి పెరిగి ముప్పై వేల మంది సభ్యుల్ని దాటింది. 1984 జనవరి 24న మెకింటాష్‌ని లోకానికి చూపించిన స్టీవ్ జాబ్స్, జనవరి 30న ఈ సంఘం సభకొచ్చి మళ్లీ చూపించాడు. ఒక పిల్లవాడు మొదలుపెట్టిన సంఘానికి అంతటి అతిథి రావడానికి కారణం ఏమిటి? అక్కడ వినేవాళ్లు కొని వాడేవారు, పరీక్షించేవారు, పదిమందికి చెప్పేవారు. ఆ సంగతి వక్తలకు తెలుసు. క్లబ్బు మొదలుపెట్టడానికి నిపుణుడు అక్కర్లేదు, కలిపేవాడు చాలు. నిపుణులు తర్వాత వాళ్లంతట వాళ్లే వస్తారు.

మనకు కొత్తేమీ కాదు

ఇలా కూడి చదువుకోవడం తెలుగువాళ్లకు తరాల నుంచి ఉన్న అలవాటే. 1901లో హైదరాబాద్‌లో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం పుట్టింది. 1935లో గుంటూరు జిల్లాలో పాతూరి నాగభూషణం గారు పడవలో పుస్తకాలు పెట్టి కాలువ వెంట ఊరూరికీ పంపారు. చదువరి పుస్తకం దగ్గరికి రాలేకపోతే పుస్తకమే చదువరి దగ్గరికి పోవాలన్నది వాళ్ల పట్టుదల.

కంప్యూటర్ల కాలంలోనూ ఆ పట్టుదల ఉన్నవాళ్లు దొరికారు. తెలుగు వికీపీడియా 2003 డిసెంబరు 10న మొదలైంది. కంప్యూటర్‌లో తెలుగు రాయడం ఎలాగో చాలామందికి తెలియని రోజులవి. ‘ఈ-తెలుగు’ సంస్థ మిత్రులు హైదరాబాద్ యూసుఫ్‌గూడలోని కృష్ణకాంత్ పార్కులో కలుసుకుని ఆ సంగతులు మాట్లాడుకునేవారు. పుస్తక ప్రదర్శనలో స్టాల్ పెట్టి, వచ్చినవాళ్లకు తెలుగు టైపింగ్ చూపించారు. హాలు అద్దె లేదు, వేదిక లేదు, పార్కే సభాస్థలం. ‘స్వేచ్ఛ’ సంస్థ స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్‌ని తెలుగులోకి తేవడంతో పాటు ఇంజినీరింగ్ కాలేజీల్లో విద్యార్థుల గ్లగ్‌లను, అంటే లినక్స్ వాడేవాళ్ల బృందాలను, ప్రోత్సహించింది. పట్నంలో పార్కు గడ్డి మీద జరిగిన పని నంద్యాలలో జరగకూడదనేముంది?

చోటు, యంత్రాలు, మనుషులు

మొదట చోటు. ఇంటిపన్నుతో పాటు గ్రంథాలయ సెస్సు రూపాయికి ఎనిమిది పైసల చొప్పున మీరు కడుతూనే ఉన్నారు. కాబట్టి శాఖా గ్రంథాలయం అధికారిని కలిసి నెలకో ఆదివారం ఒక గది అడగడానికి మొహమాటపడకండి. అది కుదరకపోతే ప్రభుత్వ పాఠశాల కంప్యూటర్ గది, పాలిటెక్నిక్ ల్యాబ్, సెలవురోజు ఖాళీగా ఉండే ట్యూషన్ సెంటర్ ఉండనే ఉన్నాయి. అడిగేటప్పుడు "గది కావాలి" అని మాత్రమే అనకండి. ఎంతమంది వస్తారు, ఎన్నింటికి తాళం తిరిగిస్తారు, కరెంటు సామాను ఏదైనా పాడైతే ఎవరు బాధ్యులు అన్న మూడు సంగతులు కాగితం మీద రాసి సంతకం చేసి ఇవ్వండి. ఆ కాగితం చూస్తే అవతలివారికి ధైర్యం వస్తుంది.

రెండోది యంత్రాలు. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మామూలు మద్దతు ఆపేసింది. ఆఫీసుల్లో, దుకాణాల్లో, ఇళ్లలో బాగా పనిచేసే ఎన్నో కంప్యూటర్లు కొత్త విండోస్‌కి సరిపోవని మూలన పడుతున్నాయి. నాలుగు జీబీ ర్యామ్ ఉన్న పాత కంప్యూటర్‌లో కూడా లినక్స్ మింట్ చక్కగా నడుస్తుంది. పాత హార్డ్‌డిస్క్ తీసేసి ఎస్‌ఎస్‌డీ పెడితే ఇంకా చురుగ్గా నడుస్తుంది. క్లబ్బు మొదటి కార్యక్రమం ఇదే కావచ్చు: ఇంట్లో మూలనపడ్డదాన్ని తెచ్చుకోండి, అందరం కలిసి బతికిద్దాం. డేటా ముందు పెన్‌డ్రైవ్‌లోకి తీసిపెట్టడం, ఇన్‌స్టాల్ చేయడం, తెలుగు కీబోర్డు పెట్టుకోవడం, ప్రింటర్ కలపడం అన్నీ ఒక్క పూటలో కళ్లారా చూడొచ్చు. లిబ్రెఆఫీస్, జింప్, ఇంక్‌స్కేప్ లాంటివి ఉచితం, చట్టబద్ధం కూడా. దొంగ కాపీలు పంచే క్లబ్బుగా మాత్రం పేరు తెచ్చుకోకండి. హోంబ్రూ రోజుల్లోనే ఆల్టెయిర్ కోసం బిల్ గేట్స్ వాళ్లు రాసిన బేసిక్ సాఫ్ట్‌వేర్ టేపుల్ని సభ్యులు నకళ్లు తీసి పంచుకుంటే, 1976లో ఆయన బహిరంగ లేఖ రాసి నిలదీశాడు. మన శ్రమను మనం పంచుకోవచ్చు. ఇంకొకరి శ్రమను పంచే హక్కు మనకు లేదు.

మూడోది మనుషులు. ఐదుగురు ఉంటే మొదలుపెట్టండి. ఆ ఐదుగురూ ఒకే తరగతి స్నేహితులు కాకుండా చూసుకోండి. ఒక విద్యార్థి, ఒక ఉపాధ్యాయురాలు, ఒక డీటీపీ ఆపరేటర్, ఒక రైతు, ఒక రిటైర్డు ఉద్యోగి కలిస్తే ప్రతి ఒక్కరికీ మిగతా నలుగురూ గురువులే. బ్యాంకు ఖాతా కావాలనుకునే దశ వచ్చాక 2001 నాటి సంఘాల రిజిస్ట్రేషన్ చట్టం కింద నమోదు చేసుకోవచ్చు. దానికి కనీసం ఏడుగురు సభ్యులుండాలి. మొదటి ఏడాది ఆ ఊసు అక్కర్లేదు. కాగితాల పని ముందు, సభలు తర్వాత అనుకున్న సంఘాలు కాగితాల దగ్గరే ఆగిపోతాయి.

ఇక నంద్యాల, ఆళ్లగడ్డల మధ్య నలభై కిలోమీటర్ల పైచిలుకు జాతీయ రహదారి ఉంది. ఆళ్లగడ్డకు రైలు లేకపోయినా బస్సులకు కొదవ లేదు. ఒక నెల నంద్యాల, మరో నెల ఆళ్లగడ్డ అని వంతులు పెట్టుకుంటే ఏ ఊరివాళ్లూ అలగరు. 2025 ఆగస్టు 15 నుంచి ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో మహిళలకు టికెట్ లేదు. అమ్మాయిల్ని పంపడానికి ఇంట్లో ఛార్జీలు అడ్డమంటే ఈ మాట చెప్పండి. సభ పొద్దున పదికి పెట్టి, మధ్యాహ్నం భోజనం వేళకు ముగిస్తే మిగిలిన అభ్యంతరాలూ చాలావరకు తీరతాయి.

రెండున్నర గంటలు ఇలా నడపండి

మొదటి ఇరవై నిమిషాలు "ఉంది–కావాలి". ప్రతి ఒక్కరూ రెండు వాక్యాలు చెప్పాలి. "నా దగ్గర పాత ప్రింటర్ ఉంది, ఇంక్ గడ్డకట్టింది." "మా దుకాణం లెక్కలు ఎక్సెల్‌లో పెట్టుకోవాల, ఎట్ల జేయాలో చెప్పండప్పా." బెరుకున్న మనిషికి నోరు తెరిచే అవకాశం ఇదే. ఒకరు పలకమీద అన్నీ రాసుకుంటూ పోవాలి.

తర్వాతి పది నిమిషాలు పోయిన నెల పని. ఎవరు ఏం చేస్తామన్నారు, ఏం చేశారు అన్నది ఇక్కడ తేలాలి. ఆపైన నలభై నిమిషాలు అతిథి ప్రసంగం, ఇరవై నిమిషాలు ప్రశ్నలు. చివరి గంట పూర్తిగా చేతిపనికి. ఇద్దరికో కంప్యూటర్. తెలిసినవాళ్లు మౌస్ ముట్టుకోకూడదు, నోటితోనే చెప్పాలి. ఈ నియమం ఒక్కటీ గట్టిగా పాటించండి. తెలిసినవాడు "ఇట్లియ్యి" అని మౌస్ లాక్కున్న క్షణంలోనే పక్కవాడి నేర్చుకోవడం ఆగిపోతుంది.

సమయం మించితే ప్రసంగంలోంచి కోయండి గానీ చేతిపని గంటను ముట్టుకోకండి.

ఎవర్ని పిలవాలి

కంప్యూటర్ క్లబ్బుకు కంప్యూటర్ మేధావే అతిథిగా రావాలని లేదు. తన పని బాగా తెలిసి, అందులో ఒక లెక్కో చిక్కో ఉన్న మనిషి వస్తే చాలు.

ఆళ్లగడ్డ శిల్పులనే తీసుకోండి. ఇక్కడి రాతి చెక్కడానికి భౌగోళిక గుర్తింపు ఉంది. ఒక పెద్ద శిల్పిని పిలిచి విగ్రహం కొలతలు ఎలా పెడతారో చెప్పమనండి. శిల్పశాస్త్రంలో నవతాళం అనే పద్ధతి ఉంది. విగ్రహం ఎత్తును తొమ్మిది తాళాలుగా, ఒక్కో తాళాన్ని పన్నెండు భాగాలుగా, మొత్తం 108 భాగాలుగా చూస్తారు. ముఖం ఒక తాళం. నాలుగున్నర అడుగుల విగ్రహమంటే టేపు మీద 54 అంగుళాలు. ఒక భాగం అర అంగుళం, ముఖం ఆరు అంగుళాలు. అదే ఆరడుగుల విగ్రహమైతే ముఖం ఎనిమిది అంగుళాలు.

ఆయన చెబుతున్నప్పుడు రాసుకున్న ఈ లెక్కను చేతిపని గంటలో స్ప్రెడ్‌షీట్‌లోకి ఎక్కించండి. పై గడిలో ఎత్తు. కింద వరసగా ఒక్కో అవయవం పేరు, దాని భాగాలెన్నో. మూడో నిలువు వరసలో ఎత్తును 108తో భాగించి, భాగాలతో గుణించే సూత్రం. మొదటి గడిలో జవాబు సరిగ్గా వస్తుంది. సూత్రాన్ని కిందికి లాగగానే మిగతావన్నీ తప్పుతాయి. ఎందుకంటే సూత్రంతో పాటు ఎత్తు ఉన్న గడి కూడా ఒక్కో మెట్టు కిందికి జారిపోయింది. ఆ గడి కదలకుండా డాలర్ గుర్తు పెట్టి బిగించాలని తెలిసేది అప్పుడే. నెల రోజుల ఎక్సెల్ కోర్సులో విని మరిచిపోయే సంగతి ఇక్కడ జన్మలో మరుపురాదు. ఆపైన ఎత్తు మార్చగానే కొలతలన్నీ వాటంతటవే మారడం చూసి ఆ శిల్పి తన మనవడికి ఫోన్ చేసి క్లబ్బుకు రమ్మంటాడు. ఆయన గురువుగా వచ్చి, ఒక పనిముట్టుతో ఇంటికి పోతాడు.

డీటీపీ ఆపరేటర్ మరో మంచి అతిథి. పెళ్లిపత్రికలు, కరపత్రాలు, ఫ్లెక్సీలు ఏళ్ల తరబడి అను ఫాంట్లలో కొట్టిన చేతులవి. ఆ ఫైల్లోని వాక్యాన్ని ఎత్తి ఫోనులో పెడితే పిచ్చి గుర్తులు కనిపిస్తాయి. ఎందుకలా? అను ఫాంట్లలో ఇంగ్లిష్ అక్షరాల సంకేతాల మీద తెలుగు బొమ్మలు అమర్చారు. యూనికోడ్‌లో ప్రతి తెలుగు అక్షరానికీ తనదైన సంకేతం ఉంటుంది. 1991లో వచ్చిన మొదటి యూనికోడ్‌లోనే తెలుగుకు చోటు దక్కింది. ఈ తేడా ఆ ఆపరేటర్ నోటే చెప్పించండి.

తర్వాత అందరిచేతా ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డులో ఒక్క మాట కొట్టించండి: నంద్యాల. కీలు వరసగా వి, ఎక్స్, ఓ, డి, స్లాష్, ఇ, ఎన్. న, సున్న, ద, పొల్లు, య, దీర్ఘం, ల. ఏడు కీలు, ఏడు ముక్కలు. ‘ద్యా’ అనే అక్షరం తెరమీద ముక్కముక్కగా కూడుకోవడం చూసినప్పుడు మన లిపి ఎలా కట్టి ఉందో కంటికి తెలుస్తుంది. గుణింతాలు ఎక్కువగా ఎడమచేతి కింద, హల్లులు ఎక్కువగా కుడిచేతి కింద ఉండటం వల్ల వేగం తొందరగా వస్తుంది.

నంద్యాల ప్రాంతీయ వ్యవసాయ పరిశోధన స్థానం 1906 నుంచి ఉంది. అక్కడి శాస్త్రవేత్తను పిలిచి పత్తి, శనగ, జొన్న గురించి నాలుగు మాటలు చెప్పించుకోండి. ఆ పూటే రైతు సభ్యుడి పెట్టుబడి, దిగుబడి లెక్క ఒక పట్టికలో పెట్టండి. భూమి రికార్డుల వెబ్‌సైట్ మీభూమిలో అడంగల్, 1-బి తీసి చూడటం నేర్పండి.

పోలీసు స్టేషన్ నుంచి ఒక అధికారి వస్తే సైబర్ మోసాల గురించి చెప్పించండి. యూపీఐ పిన్ డబ్బు పంపడానికే తప్ప డబ్బు రావడానికి ఎప్పుడూ అక్కర్లేదు. మోసగాళ్లు బెదిరించే ‘డిజిటల్ అరెస్ట్’ అనేది చట్టంలో ఎక్కడా లేదు. డబ్బు పోయిందని తెలిసిన వెంటనే 1930కి ఫోన్ చేయాలి, ఎంత త్వరగా చేస్తే డబ్బు ఆపే అవకాశం అంత ఎక్కువ. ఈ మూడు మాటలూ తెలిసిన ఒక్క మనిషి ఇంట్లో ఉంటే ఆ ఇంటికి రక్ష.

ఇక సంక్రాంతికి బెంగళూరు, హైదరాబాద్‌ల నుంచి వచ్చే మన ఊరి సాఫ్ట్‌వేర్ పిల్లలున్నారు. పండగ వారంలో ఒక పూట అడిగితే కాదనరు. "మీ కంపెనీ గొప్పతనం చెప్పు" అని కాకుండా "ఉద్యోగంలో చేరిన మొదటి నెలలో నీకు రానిదేమిటి, ఎట్ల నేర్చుకున్నావు?" అని అడగండి.

పిలిచే పద్ధతి

"మా క్లబ్బులో కంప్యూటర్ల గురించి ప్రసంగించండి" అని పిలిస్తే వచ్చినవాళ్లు లోకంలోని సంగతులన్నీ చెప్పి పోతారు. ఒకే ఒక ప్రశ్న ఇచ్చి పిలవండి. ఉత్తరం ఇలా ఉండొచ్చు:

"గౌరవనీయులైన స్థపతి గారికి, నమస్కారం. ఈ నెల చివరి ఆదివారం ఉదయం పది గంటలకు ఆళ్లగడ్డలో మా కంప్యూటర్ క్లబ్బు కూడుతోంది. విగ్రహం ఎత్తును బట్టి మిగతా కొలతలు ఎలా లెక్కగడతారో నలభై నిమిషాలు చెప్పవలసిందిగా కోరుతున్నాం. మాలో చాలామందికి శిల్పం పని తెలియదు, మొదటి నుంచి చెప్పండి. మీరు చెప్పిన లెక్కను ఆ పూటే కంప్యూటర్‌లో పెట్టి మీకు చూపిస్తాం. రానుపోను ఏర్పాట్లు మావి."

ఈ ఉత్తరంలో విషయం ఉంది, సమయం ఉంది, వినేవాళ్ల స్థాయి ఉంది, ఆయన మాట వృథా పోదన్న హామీ ఉంది. శాలువాలకీ జ్ఞాపికలకీ పెట్టే డబ్బు ఒక ఎస్‌ఎస్‌డీకి పెట్టండి. అతిథికి అన్నిటికన్నా పెద్ద గౌరవం ఆయన చెప్పింది చేసి చూపించడమే. పరిచయం రెండు నిమిషాలు దాటనివ్వకండి. ప్రశ్నల వేళ మొదటి అవకాశం అందరికన్నా చిన్నవాళ్లకో, ఎప్పుడూ మాట్లాడనివాళ్లకో ఇవ్వండి.

ఆ తర్వాతి ముప్పై రోజులు

సభ ముగిసేలోపు ప్రతి సభ్యుడూ క్లబ్బు పుస్తకంలో ఒక వాక్యం రాయాలి: "వచ్చే సభలోపు నేను ఫలానా పని చేసి చూపిస్తాను." పని చిన్నదై ఉండాలి, కంటికి కనపడాలి. "ఎక్సెల్ నేర్చుకుంటాను" అన్నది పనికిరాదు. "మా నాన్న కిరాణా కొట్టు అప్పుల పద్దు ఒక పట్టికలో పెడతాను" అన్నది పని.

ఇద్దరిద్దర్ని జత చేయండి. వారానికోసారి జతగాడు ఫోన్ చేసి "ఎంతవరకొచ్చింది?" అని అడగాలి. ఎక్కడైనా ఆగిపోతే ఐఐటీ బొంబాయి వారి స్పోకెన్ ట్యుటోరియల్ పాఠాలు తెలుగులోనూ ఉన్నాయి, ఒక్కోటి పది నిమిషాలకు అటూఇటూ. ఊరికి పనికొచ్చే ఉమ్మడి పని కూడా ఒకటి పెట్టుకోండి. నవనందుల ఫొటోలు తీసి వికీమీడియా కామన్స్‌లో పెట్టడం, మీ ఊరి వికీపీడియా వ్యాసంలో తప్పులు సరిచేయడం లాంటివి. లోకమంతా చదివే చోట మీరు రాసిన వాక్యం నిలిస్తే వచ్చే బాధ్యత వేరు.

పోయిన నెల నేర్చుకున్నవాడు ఈ నెల కొత్తవాళ్లకు నేర్పాలి. పూర్తిగా వచ్చాక నేర్పుతానంటే కుదరదు. ఎదుటివాళ్ల ప్రశ్నకు జవాబు వెతుక్కునేటప్పుడే మనకు తెలిసిందేదో, తెలిసిందనుకున్నదేదో విడిపోతుంది. అతిథి పంటకు నీరు పెట్టి పోయేవాడు, కలుపు తీసి కోతకు తెచ్చుకోవలసింది మనమే.

ఎదురయ్యే చిక్కులు

మూడో నెలకు హాజరు తగ్గుతుంది. బెంబేలెత్తకండి. వచ్చిన నలుగురితోనే సభ పూర్తి సమయం జరపండి. వాయిదా వేసిన సభ మానేసిన సభతో సమానం. తేదీ మారకపోతే జనం తిరిగొస్తారు.

అన్నీ తెలిసిన ఒక సభ్యుడు సభనంతా ఆక్రమిస్తాడు. అతణ్ని తప్పుపట్టే పని పెట్టుకోకండి, చేతిపని గంటలో అందరికన్నా కొత్త సభ్యుణ్ని అతనికి అప్పగించండి. అతని తెలివికి దారి దొరుకుతుంది, కొత్తవాడికి తోడు దొరుకుతుంది.

"ఈ వయసులో నాకెందుకు?" అని పెద్దవాళ్లు వెనక్కి తగ్గుతారు. వాళ్లకు పి.వి. నరసింహారావు గారి సంగతి చెప్పండి. 1991 ఉపఎన్నికలో నంద్యాల ప్రజలు లోక్‌సభకు పంపిన ప్రధానమంత్రి ఆయన. అంతకు కొన్నేళ్ల ముందు, అరవై దాటిన వయసులో, కంప్యూటర్ నేర్చుకోవడం మొదలుపెట్టి ప్రోగ్రాములు రాసే దాకా వెళ్లారు. ఆయన ఓటర్లుగా ఉన్నవాళ్లు మన ఊళ్లలో ఇంకా ఉన్నారు. వాళ్లు కీబోర్డు ముందు కూర్చుంటే క్లబ్బుకే నిండుదనం.

డబ్బు దగ్గర గొడవలు రాకూడదంటే వసూలు తక్కువ, లెక్క బహిరంగం. ప్రతి సభలో లెక్కల పుస్తకం బల్ల మీద తెరిచి ఉంచండి. రాజకీయ పార్టీల జెండాలు గదిలోకి రానివ్వకండి. మన ప్రాంతంలో ఈ నియమం మొదటి రోజే పెట్టుకోవడం మంచిది.

మీలో వచ్చే మార్పు

ఏడాది పాటు ఇలా నడిస్తే మీకు తెలిసే సాఫ్ట్‌వేర్‌ల జాబితా పెరుగుతుంది, నిజమే. దానికన్నా విలువైనవి మూడున్నాయి. "నాకిది రాదు" అని నలుగురి ముందు చెప్పే ధైర్యం. అన్న మాట చెప్పిన తేదీకి చేసి చూపించే నిలకడ. తెలిసింది దాచుకోకుండా చెప్పే గుణం. ఇంటర్వ్యూ గదిలో అవతలివాళ్లు వెతికేది ఈ మూడింటినే. సర్టిఫికెట్ చూపించేవాళ్లు చాలామంది వస్తారు. "మా ఊళ్లో శిల్పులకు కొలతల పట్టిక తయారుచేసి ఇచ్చాం, ఇదిగో" అని ల్యాప్‌టాప్ తెరిచి చూపించేవాళ్లు అరుదుగా వస్తారు. రేపు మీరు హైదరాబాద్ పోయినా, బెంగళూరు పోయినా, ఖాళీ చేతులతో పోరు.

ఈ వారం చేయవలసినవి

1. మీకు తెలిసిన ఐదుగురి పేర్లు రాయండి. కనీసం ఇద్దరు మీ వయసువాళ్లు కాకూడదు, కనీసం ఇద్దరు మహిళలు ఉండాలి.
2. శాఖా గ్రంథాలయానికో దగ్గరి పాఠశాలకో పోయి, బాధ్యతల కాగితం ఇచ్చి, ఒక ఆదివారం గది అడగండి.
3. ఇంట్లోనో చుట్టాలింట్లోనో మూలనపడ్డ ఒక కంప్యూటర్ తెచ్చి పెట్టుకోండి.
4. తన పని బాగా తెలిసిన ఒక మనిషిని ఎంచుకుని, ఒకే ప్రశ్నతో ఉత్తరం రాయండి.
5. రెండు వందల పేజీల నోటుపుస్తకం కొని, మొదటి పేజీలో మొదటి వాగ్దానం మీరే రాయండి.

ఐదో పని మానేసి మొదటి నాలుగూ చేస్తే మీ ఊళ్లో ఒక మంచి సభ జరుగుతుంది. ఐదూ చేస్తే క్లబ్బు నిలబడుతుంది. ఆ మొదటి వాగ్దానం పక్కన తేదీ వేసి, రెండో సభలో అందరికన్నా ముందు మీరే లేచి చేసిన పని చూపించండి. మిగతావాళ్లు మీ వెనకే లేస్తారు.